బ్రేకు వేసిన తరువాత

మా చేను రైలుకట్ట పక్కనే. చిన్నప్పుడు ఇంజనులోని డ్రైవరుకు చేతులూపేవాళ్ళం. ఆయనా ఊపేవాడు. ఆ మనిషికి మమ్మల్ని చూస్తే గుండె దడదడలాడుతుందని అప్పుడేం తెలుసు!

ఎడ్లబండి పగ్గం లాగితే నాలుగడుగుల్లో ఆగుతుంది. రైలు అలాక్కాదు. ఉక్కు పట్టామీద ఉక్కు చక్రం, రాపిడి తక్కువ. గంటకు 100 కిలోమీటర్లంటే సెకనుకు సుమారు 28 మీటర్లు. ఎమర్జన్సీ బ్రేకు వేసినా ఆగేసరికి కిలోమీటరుకు అటూ ఇటూ అవుతుంది. 300 మీటర్ల దూరాన మనిషి కనబడితే మిగిలేది సుమారు 11 సెకన్లు. పక్కకు తిప్పే వీలు లేదు. కూత వేయాలి, బ్రేకు వేయాలి, ఇక చూస్తూ కూర్చోవాలి.

2020 మే 8 తెల్లవారుజామున మన చర్లపల్లి నుంచి మన్మాడ్ వైపు పోతున్న ఖాళీ ట్యాంకర్ల గూడ్సు, ఔరంగాబాదు దగ్గర పట్టాలమీద నిద్రపోతున్న 16 మంది వలసకూలీల ప్రాణాలు తీసింది. డ్రైవరు చూశాడనీ, ఆపబోయాడనీ రైల్వేశాఖే ప్రకటించింది. చెదిరిపడిన రొట్టెల్ని తలచుకొని దేశమంతా కన్నీరు పెట్టుకుంది, న్యాయమే. ఇంజనులో ఉన్నవాళ్ళ సంగతి ఎవరడిగారు?

ఇలాంటి దెబ్బ తిన్న మనసుకు వచ్చే జబ్బును 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన జాబితాలో చేర్చింది. నిద్ర పట్టదు, చూసిందే మళ్ళీ మళ్ళీ కళ్ళముందాడుతుంది, చిన్న చప్పుడికే ఉలిక్కిపడతారు. తప్పు తనది కాదని భౌతికశాస్త్రం లెక్క కట్టి చెబుతుంది, మనసు వినదు.

మా ఊళ్ళో రిటైరైన డ్రైవరు బాబాయి ఒకాయన ఉన్నాడు. నేనడిగితే చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఆ మలుపు దగ్గర మటుకు, ఎవరూ లేకపోయినా సరే, కూత వేసేవాణ్ణిరా అబ్బాయ్" అన్నాడు.