ఆటబొమ్మల అలంకరణ ఎవరి కోసం?

మన పిల్లలు ఫోన్లలో ఆటలు ఆడుతున్నారని అందరికీ తెలుసు. ఆ ఆటల్లోని స్త్రీ పాత్రలను అంత అసభ్యంగా ఎందుకు గీస్తున్నారో మాత్రం మన సంఘాల్లో మాట్లాడుకున్నది తక్కువ.

1996లో వచ్చిన 'టూంబ్ రైడర్' ఆటలో లారా క్రాఫ్ట్ పురాతన శిథిలాలను వెదికే సాహసి. ప్రకటనలు ఆమె తెలివిని వదిలేసి శరీరాన్ని అమ్మాయి. 2013లో ఆమెనే భయపడే, గాయపడే, తిరిగి లేచి నిలబడే యువతిగా, పనికి తగిన బట్టల్లో మళ్లీ రూపొందించారు. ఆ ఆట లక్షల్లో అమ్ముడైంది. అసభ్యత లేకుంటే కొనేవారుండరనే సాకు అక్కడే తేలిపోయింది.

అయినా ఆ సరుకు ఆగలేదు. దక్షిణ కొరియా సంస్థ షిఫ్ట్ అప్ 2022 నవంబరులో 'నిక్కే' అనే ఫోన్ ఆటను తెచ్చింది. అందులో అమ్మాయిలు గోడ చాటు నుంచి తుపాకులు కాలుస్తుంటే, ఆడేవారికి కనిపించేది వాళ్ల వెనుక భాగం. డౌన్‌లోడ్ ఉచితమే. కొత్త పాత్ర కావాలంటే లాటరీ చీటీ తీసినట్టు తీయాలి. కోరింది రాకపోతే మళ్లీ డబ్బు పెట్టాలి. కంటి ఆశ, జూదపు ఆశ ఒకే బటన్ దగ్గర కలిశాయి. మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టేది ఇదే.

2024 ఏప్రిల్‌లో అదే సంస్థ చేసిన 'స్టెల్లార్ బ్లేడ్'ను సోనీ విడుదల చేసింది. నాయిక దుస్తుల మీద కొన్నాళ్లు వాదన నడిచింది. పోరాటాలు బాగున్నాయని విమర్శకులు మెచ్చారు (నిజంగానే బాగున్నాయంటారు). జూలైలో సంస్థ షేర్లు కొరియా స్టాక్ మార్కెట్లోకి వెళ్లాయి. ఎవరూ వాదించి గెలవనక్కర లేకుండానే, పెద్ద కంపెనీ ముద్ర పడగానే అది మామూలైపోయింది.

"బొమ్మే కదా" అంటారు కొందరు. కొండమీద ప్రసంగంలో మోహపు చూపును గురించి చెప్పినప్పుడు ప్రభువు బాధ్యతను చూసేవాని మీదనే ఉంచాడు. మన మందిరాల్లో ఈ మాట వస్తే ఆడపిల్లల ఓణీల దగ్గరే ఆగిపోతుంది. మగపిల్లల ఫోన్ల దాకా రాదు.

ఫోన్ లాక్కుంటే వాళ్లు స్నేహితుడి ఫోన్‌లో ఆడతారు. పక్కన కూర్చుని ఆట చూపించమనండి. ఈ అమ్మాయిని ఇలా ఎందుకు గీశారు, దీనివల్ల ఎవరికి డబ్బు వస్తుంది అని అడగండి. ప్లే స్టోర్‌లో ప్రతి ఆటకూ వయసు గుర్తు ఉంటుంది. కొనుగోళ్లకు పాస్‌వర్డ్ పెట్టే వీలూ ఉంది; అది ఈ రాత్రే పెట్టుకోవచ్చు.