బియాండ్ ది రాక్స్: తుప్పు డబ్బాల్లో 1922 నాటి హాలీవుడ్ ప్రేమకథ.. ఎలా బయటపడిందంటే?

ఇద్దరు సూపర్ స్టార్లు కలిసి నటించింది ఒకే ఒక్క సినిమా. అదీ కనిపించకుండా పోతే? 1922లో వచ్చిన 'బియాండ్ ది రాక్స్' విషయంలో జరిగింది ఇదే.

మూకీల కాలంలో రుడాల్ఫ్ వాలెంటినో, గ్లోరియా స్వాన్సన్‌ల క్రేజ్ మామూలుగా ఉండేది కాదు. నీళ్లలో పడ్డ హీరోయిన్‌ను హీరో కాపాడటంతో మొదలయ్యే ఈ ప్రేమకథ ఆల్ప్స్ కొండల నుంచి ఎడారి దాకా సాగుతుంది.

మరి ఎలా పోయింది?
అప్పటి సినిమాలు నైట్రేట్ ఫిల్మ్ మీద ఉండేవి. అది ఇట్టే అంటుకుంటుంది. సరిగా దాచకపోతే పొడిపొడి అయిపోతుంది. టాకీలు వచ్చాక మూకీలను పట్టించుకున్నవాళ్లూ తక్కువే.

ఎక్కడ దొరికింది?
నెదర్లాండ్స్‌లోని హార్లెమ్‌లో పాత సినిమాలు సేకరించే ఓ వ్యక్తి చనిపోయాక, ఆయన దాచిన దాదాపు 2,000 డబ్బాలు ఫిల్మ్ మ్యూజియానికి చేరాయి. వాటిలో ఈ సినిమా రీళ్లు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. బాగు చేసి 2005లో మళ్లీ ప్రదర్శించారు. చూసుకోవడానికి ఆ జంట మాత్రం లేదు. వాలెంటినో 1926లో, స్వాన్సన్ 1983లో కన్నుమూశారు.

మన రఘుపతి ప్రకాశ్ తీసిన మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ' కూడా ఇలా పోయిందే. అందుకే పాత ఇంట్లో ఫిల్మ్ డబ్బా కనిపిస్తే తుక్కు కింద అమ్మేయకండి. వేడి తగలకుండా పక్కన పెట్టి, పుణెలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌కు ఒక్క మాట చెప్పండి.