తెలంగాణ మాండలికం

తెలంగాణ మాండలికం తెలుగు భాషలోని ప్రధాన మాండలికములలో ఒకటి. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు దేశమును ఉత్తర, దక్షిణ, తూర్పు, మధ్య భాషా మండలములుగా విభజించారు. వీటిలో ఉత్తర మండలమే తెలంగాణ. రంగారెడ్డి జిల్లా మొయినాబాద్ మండలంలోని కనకమామిడి గ్రామము, దాని పొరుగున ఉన్న చేవెళ్ల ప్రాంతము ఈ మండలములోనివే.

చారిత్రక నేపథ్యము

1948 వరకు ఈ ప్రాంతము నిజాం పాలనలోని హైదరాబాదు రాజ్యములో ఉండేది. అప్పటి పాలనా భాష ఉర్దూ. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయములో బోధన కూడా ఉర్దూలోనే సాగింది. కోస్తా, రాయలసీమలు ఆంగ్లేయుల మద్రాసు రాష్ట్రములో ఉండేవి. అందువలన అక్కడ ఆసుపత్రి అన్నదే ఇక్కడ దవాఖాన అయినది.

లక్షణములు

క్రియారూపములలో భేదము స్పష్టముగా కనిపిస్తుంది. వచ్చాడు అనుటకు వచ్చిండు, చేశారు అనుటకు చేసిన్రు, రావడం లేదు అనుటకు వస్తలేడు అంటారు. వచ్చాడు, వచ్చిండు రెండింటికీ మూలము వచ్చినాడు అనే పాత రూపమే. ఇలా, అలా అనుటకు గిట్ల, గట్ల అని వాడతారు. ఈ మాండలికపు ప్రత్యేక పదములన్నీ ఉర్దూ నుండి వచ్చినవి కావు. తొవ్వ (దారి), బర్రె (గేదె), యారాలు (తోటికోడలు) వంటివి అచ్చ తెలుగు మాటలు.

భాషా, మాండలికమా?

1956లో ఆంధ్ర ప్రదేశ్ ఏర్పడిన తరువాత పాఠ్యపుస్తకములలోను, పత్రికలలోను మధ్యకోస్తా శిష్టవ్యవహారమే ప్రమాణ భాషగా చెలామణి అయినది. సినిమాలలో తెలంగాణ యాసను తరచుగా ప్రతినాయకులకో, హాస్య పాత్రలకో కేటాయించేవారు. ఇంటి మాట బడిలో తప్పుగా లెక్కింపబడుట తెలంగాణ ఉద్యమములో ఒక ముఖ్యమైన ఆవేదన. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడింది. ప్రజాకవి కాళోజీ నారాయణరావు జన్మదినమైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవముగా జరుపుతున్నారు. అయినను రెండు రాష్ట్రముల అధికార భాష పేరు తెలుగే.

ఐరోపాలోని మోల్డోవాలో ఇటువంటి ప్రశ్నకే వేరొక సమాధానము ఇచ్చారు. అక్కడి ప్రజలు మాట్లాడేది రుమేనియన్ భాషకు చెందిన మాండలికము. సోవియట్ పాలనలో దానిని సిరిలిక్ లిపిలో వ్రాయించి, మోల్డోవన్ అనే ప్రత్యేక భాషగా ప్రకటించారు. 1989లో లాటిన్ లిపి తిరిగి వచ్చింది. 1991 నాటి స్వాతంత్ర్య ప్రకటనలో రుమేనియన్ అని, 1994 రాజ్యాంగములో మోల్డోవన్ అని వ్రాశారు. చివరకు 2023 మార్చిలో పార్లమెంటు చట్టము చేసి రుమేనియన్ అనే పేరునే స్థిరపరచింది. మాండలికమును గౌరవించుటకు దానిని వేరే భాషగా ప్రకటించవలసిన అవసరము లేదని ఈ రెండు ఉదాహరణలు తెలియజేస్తాయి.