పక్కనే వున్నది – కనబడదు!

"మామా, మిషిన్ కనబడతలేదు!"

మొన్న వేసవిలో ఆత్మకూరు వెళ్ళినప్పుడు మా మేనల్లుడు గుమ్మంలోనే నాతో అన్న మొదటి మాట ఇది. దొంగలు పడ్డారేమోనని కంగారుగా దుకాణంలోకి తొంగిచూచాను. మిషిన్ బల్లమీద భేషుగ్గా వున్నది. దీపం వెలుగుతున్నది, లోపల ఫ్యాను తిరుగుతున్నది. కనబడనిది మనుషులకు కాదట. మూడడుగుల దూరంలో వున్న కొత్త లాప్‌టాప్‌కు!

తెలుగునాట ఆత్మకూర్లు చాలా వున్నాయి గనుక చెప్పాలి. ఇది వనపర్తి జిల్లాలోనిది. 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో వుండేది. ఒకనాడు అమరచింత సంస్థానానికి ముఖ్యపట్టణం. అర్జీలు ఆ రోజుల్లో ఏ దారిన వెళ్ళేవో గాని, ఇప్పుడు మాత్రం మావాడి దుకాణంలాంటి చోట్లనుంచే కదులుతాయి.

దుకాణంలో స్కానరు వున్న పాత కంప్యూటరు విండోస్ 7ది. ఆ స్కానరుకు కొత్త కంప్యూటర్లతో పొసగదు. పాతది తీగతో రూటరుకు కట్టివున్నది. లాప్‌టాప్ విండోస్ 11ది, వైఫై మీద నడుస్తుంది. కాగితాలు పాతదానిలో పడాలి, దరఖాస్తు కొత్తదానినుంచి పోవాలి. ఇదివరకటి లాప్‌టాప్ వున్నన్నాళ్ళూ ఈ రాకపోకలు సుఖంగానే సాగాయి. అది చెడిపోయి కొత్తది వచ్చిన మరునాడే ఈ గొడవ.

బెంచీమీద ఒక అమ్మాయి, ఆమె తండ్రి కూర్చుని వున్నారు. డిగ్రీలో చేరడానికి ఆ రాత్రి పన్నెండుకు గడువు. సర్టిఫికెట్లన్నీ పాతదానిలో చిక్కుకున్నాయి. పెన్‌డ్రైవు ఏమైందని అడిగాను. పెన్‌డ్రైవుతో వచ్చిన వైరసు ఒకసారి జనం కాగితాలన్నిటినీ మింగిందట. అప్పటినుంచి ఆ దారి బందు. ఏదీ కుదరకపోతే పదకొండింటికి ఆ దారే తెరుద్దామనుకున్నాం.

ఇంతలో పక్క సెల్‌ఫోన్ దుకాణం కుర్రవాడు వచ్చి వైద్యం చెప్పాడు. "ఫైర్‌వాల్ బందు చెయ్యన్నా. ఎస్‌ఎమ్‌బీ వన్ చాలూ చెయ్. అన్నీ కనబడతయ్!"

నేను గబుక్కున మావాడి చెయ్యి పట్టుకున్నాను. ఎందుకో చెబుతాను.

ఒకే రూటరు కింద వున్న కంప్యూటర్లు ఒకదానికొకటి ఎలా కనబడతాయి? పల్లెలో డప్పు చాటింపు లాంటిదే ఆ పద్ధతి. "నేను ఫలానాను, ఇక్కడ వున్నాను" అని ప్రతిదీ చాటుకుంటుంది. వెనకటి విండోస్‌లో అయితే ఒక తమాషా వుండేది. కంప్యూటర్లు తమలో తాము ఎన్నిక జరుపుకుని – అక్షరాలా ఎన్నికే – ఒకదానిని పెద్దగా నిలబెట్టేవి. హాజరుపట్టీ ఆ పెద్ద దగ్గర వుండేది. అందులో ఆపేసిన కంప్యూటరు పేరు అరగంట పైచిలుకు వుండిపోయేది. కొత్తగా వచ్చినదాని పేరు ఎంతకీ ఎక్కేది కాదు. కనుక ఆ పట్టీని అప్పుడూ పూర్తిగా నమ్మడానికి లేదు.

ఆ హాజరుపట్టీ ఎస్‌ఎమ్‌బీ వన్ అనే పాత మర్యాదతో ముడిపడినది. 2017 మే 12న వాన్నాక్రై అనే మహమ్మారి ఆ తలుపులోనుంచే దూరింది. 150 దేశాలలో 2 లక్షలకు పైగా కంప్యూటర్ల ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటనులో ఆసుపత్రులు తల్లడిల్లాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవారి కంప్యూటర్లు కొన్ని దాని వాతపడ్డాయి. మందు మార్చిలోనే విడుదలయింది. వేసుకోనివారికి జబ్బు తగిలింది. ఆ ఏడాది చివరినుంచి కొత్తగా వేసుకునే విండోస్‌లో మైక్రోసాఫ్ట్‌వారు ఆ మర్యాదను మామూలుగా పెట్టడం మానేశారు. కుర్రవాడు తెరవమన్నది ఆ తలుపునే!

తలుపులు పగలగొట్టకుండా మేము చేసినదేమిటంటే, ముందు రెండింటి చిరునామాలు చూచాం. పాతది 192.168.1.10. లాప్‌టాప్‌ది 192.168.5తో మొదలవుతున్నది. దొంగ దొరికాడు! ఆ రూటరులో వైఫైకి రెండు పేర్లున్నాయి; ఒకటి దుకాణానికి, రెండవది వచ్చేపోయేవారికి. మావాడు లాప్‌టాప్‌ను రెండవదానికి తగిలించాడు. అతిథుల వైఫై అంటే నడుమ గోడ కట్టిన వాడ. అక్కడివారికి ఇంటర్నెట్టు అందుతుంది గాని ఈ వాడ డప్పు వినబడదు. తీగకూ వైఫైకీ పడదని చాలామంది అనుకుంటారు గాని, ఒకే రూటరు కింద గోడ లేకపోతే రెండూ ఒకే వాడ.

లాప్‌టాప్‌ను దుకాణపు వైఫైకి మార్చి, "పబ్లిక్" అని వున్నదాన్ని "ప్రైవేట్" చేశాం. అయినా పట్టీలో పేరు రాలేదు. అక్కడే జనం నిరాశపడి ఫైర్‌వాల్ మీద పడతారు. పట్టీలో లేనంత మాత్రాన ఇంట్లో లేనట్టు కాదు. వెనక్కి వాలిన గీతలు రెండు కొట్టి, ఆ పక్కనే నంబరు వేసి నేరుగా పిలిచాం. పలికింది! పలికి, పేరూ సంకేతపదమూ అడిగింది.

మావాడు లాప్‌టాప్ తెరిచే పిన్ కొట్టాడు. అది ఇక్కడ చెల్లదు. అడిగేది పాత కంప్యూటరు, దానిలోని ఖాతా కావాలి. ఆ ఖాతాకేమో సంకేతపదమే లేదు; అలాంటి ఖాతాతో దూరంనుంచి వస్తే విండోస్ గడప దాటనివ్వదు. పాతదానిలో సంకేతపదంతో మరో ఖాతా తెరిచి, స్కాన్ కాగితాల ఫోల్డరు ఒక్కటే చదువుకొనేందుకు దానికి ఇచ్చాం.

తొమ్మిదిన్నరకు దరఖాస్తు పోయింది. రసీదు చేతికి వచ్చేదాకా ఆ తండ్రి బెంచీమీదనుంచి లేవలేదు.

రాత్రి మరో రెండు పనులు చేశాం. 10 నంబరు ఎప్పటికీ పాతదానిదేనని రూటరులో రాయించాం. లేకపోతే నంబరు మారి మళ్ళీ మొదటికొస్తుంది. విండోస్ 7కు 2020 జనవరితో రక్షణ ఆగిపోయింది గనుక దానికి ఇంటర్నెట్టు మూయించాం. స్కానరుకు ఇంటర్నెట్టుతో ఏం పని?

పట్టీలో పేరు రాకపోవడానికి కారణం పొద్దున తెలిసింది. చాటింపు వేసే సర్వీసు – ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్ అని దాని పేరు, నోరు తిరగడమే కష్టం – పాతదానిలో ఎప్పుడో ఆగిపోయి వున్నది. మొదలుపెట్టగానే పేరు వచ్చేసింది.

"ఇప్పుడు కనబడ్డది మామా!" అన్నాడు మావాడు. అని, అలవాటు కొద్దీ నంబరు కొట్టే తెరిచాడు.