బాతుకూ ఓ టీకా ఉంది బాస్!

రామగిరి అంటే బయటివాళ్లకు గుర్తొచ్చేది మూతపడిన బంగారు గనులు. వానే సరిగ్గా పడని సీమలో బాతులేంటి అని మా ఆఫీసులో నవ్వారు కూడా. చెరువుకు నీళ్లొచ్చిన ఏడాది వచ్చి చూడమనండి. ఇంటికి అయిదో ఆరో బాతులు వదిలేవాళ్లు కనిపిస్తారు. ఆ గుడ్ల డబ్బు ఇంట్లో ఆడవాళ్ల చేతి ఖర్చు. మంద మొత్తం వారంలో పోతే ఆ డబ్బు కూడా పోయినట్టే.

అలా తుడిచిపెట్టే జబ్బుల్లో ముందు వరసలో ఉండేది డక్ ప్లేగ్. పేరు ప్లేగే గానీ మనుషుల ప్లేగుతో దీనికి చుట్టరికం లేదు. అది బ్యాక్టీరియా, ఇది హెర్పిస్ జాతి వైరస్. 1923లో నెదర్లాండ్స్‌లో మొదట గమనించారు. మన దేశంలో 1963లో పశ్చిమ బెంగాల్లో బయటపడింది. బాతులు, హంసలు, పెద్దబాతులకే వస్తుంది. కోళ్లకు రాదు, మనకూ రాదు.

నిన్నటిదాకా బాగా తిన్న బాతు ఉన్నట్టుండి చచ్చిపడి ఉంటుంది. మిగతావాటికి కళ్లు ఉబ్బి అంటుకుపోతాయి, వెలుతురు చూడలేవు, పల్చగా పారుకుంటాయి, గుడ్లు ఆగిపోతాయి. మందు లేదు. ఇంకో చిక్కుంది. బతికి బట్టకట్టిన బాతు కూడా ఒంట్లో వైరస్ దాచుకుని, చాలాకాలం అప్పుడప్పుడు బయటికి వదులుతుంది. బ్యాక్‌గ్రౌండ్‌లో నడిచే మాల్వేర్ లాగా అన్నమాట. ఆ బాతు దిగిన నీళ్లలోనే మిగతావీ దిగుతాయి. కోత అయిన మళ్ల వెంట ఊరూరూ తిరిగే పెద్ద మందలున్న నెల్లూరు, గోదావరి వైపు ఈ భయం ఇంకా ఎక్కువ.

"ఏం నాయనా, కోళ్లకేసే మందే వీటికీ వేస్తే పోదా?" అని మా పక్కింటి అవ్వ అడిగింది. పోదు అవ్వా! కోళ్లకు వేసేది కొక్కెర తెగులు టీకా. ఆ వైరస్ వేరు, ఈ వైరస్ వేరు. ఆండ్రాయిడ్ అప్‌డేట్ ఐఫోన్‌లో ఎక్కదు కదా.

డక్ ప్లేగ్ టీకా అంటే బలం తగ్గించిన బతికున్న వైరస్సే. సాధారణంగా 8 నుంచి 12 వారాల వయసులో ఇంజెక్షన్‌గా వేస్తారు. మందలో జబ్బు మొదలయ్యాక కూడా, ఇంకా సోకని వాటికి వెంటనే వేస్తే కొన్నిటిని కాపాడొచ్చు. తయారయ్యేది కూడా ఎక్కడో కాదు, చిత్తూరు దాటితే వచ్చే తమిళనాడు రాణిపేటలో ప్రభుత్వ సంస్థే చేస్తుంది.

మరి బర్డ్ ఫ్లూ సంగతి? అది పూర్తిగా వేరే కథ. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025లో గోదావరి జిల్లాల్లో కోళ్లను చంపి పూడ్చింది దానివల్లే. ప్రాణాంతకమైన హెచ్5ఎన్1 రకానికి మన దేశంలో టీకా వేయరు, సోకిన చోట పక్షుల్ని చంపేయడమే పద్ధతి. ఫ్రాన్స్ మాత్రం 2023 అక్టోబర్ నుంచి పెద్ద ఫారాల్లో బాతులకు టీకా తప్పనిసరి చేసింది. అంతకుముందు అక్కడ కోట్లలో పక్షుల్ని చంపాల్సి వచ్చింది. టీకా మొదలయ్యాక ఆ సీజన్‌లో సోకిన ఫారాలు పదికి పడిపోయాయి. అయితే వెంటనే అమెరికా ఫ్రాన్స్ కోడి, బాతు మాంసం దిగుమతుల మీద ఆంక్షలు పెట్టింది. టీకా వేసిన పక్షిలో వైరస్ కనపడకుండా దాక్కుంటుందేమోనని వాళ్ల అనుమానం. టీకా వేయాలా వద్దా అనేది అక్కడ డాక్టర్లతో పాటు వ్యాపారం కూడా తేల్చే విషయం.

డక్ ప్లేగ్‌కు ఆ తలనొప్పి లేదు. మా వైపు అడ్డుపడేది లెక్క. ఒక్క సీసాలో వంద బాతులకు సరిపడా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ మందు ఉంటుంది. కలిపాక గంటా రెండు గంటల్లో వేసేయాలి, లేదంటే పారబోయడమే. ఆరు బాతుల కోసం ఎవరు తెప్పిస్తారు? అందుకే చెరువు చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు కలిసి, ఎన్ని బాతులున్నాయో ఒక వాట్సాప్ గ్రూపులో లెక్క రాసి, రైతు సేవా కేంద్రంలో గానీ పశువుల ఆసుపత్రిలో గానీ ముందే చెప్పాలి. 1962కు ఫోన్ చేసి కూడా అడగొచ్చు. వేసే రోజు పొద్దున బాతుల్ని చెరువుకు వదలకండి. ఒకసారి నీళ్లలోకి దిగితే వాటిని పట్టుకోవడం డాక్టర్ తరం కాదు, మన తరమూ కాదు.