మీకు తెలుసా? రాష్ట్ర గీతంలో మన బొగ్గు

తెలంగాణ రాష్ట్ర గీతం ‘జయ జయహే తెలంగాణ’లో సింగరేణి పేరుంది. రామగుండం, గోదావరిఖనిలోని సింగరేణి గనుల్లో కార్మికులు తవ్వితీసే నల్లబొగ్గును కవి అందెశ్రీ అందులో బంగారమన్నారు.

ఆయన బడి మెట్లెక్కలేదు. గొర్లు కాశారు, తాపీపని చేశారు. అలాంటి మనిషికి కాకతీయ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 2025 నవంబర్ 10న కన్నుమూశారు.

తెలంగాణ ఉద్యమ సభల్లో ఊరూరా మోగిన ఈ పాట, 2014లో రాష్ట్రం వచ్చాక కూడా పదేళ్లు ఆగాల్సి వచ్చింది. అంత ఆలస్యం జరగకూడనిది. చివరికి 2024 జూన్ 2న, ఎం.ఎం. కీరవాణి సంగీతంతో అధికారిక గీతమైంది. పూర్తి పాట పదమూడున్నర నిమిషాలు. కుదించినది రెండున్నర నిమిషాలే. వీలున్నప్పుడు పూర్తి పాటే వినండి.