ఆటస్థలానికి తాళం - చట్టం ఎవరి పక్షం?

సమ్మెకూ లాకౌటుకూ ఉన్న తేడా మిల్లు కార్మికుడికి ఎవరూ చెప్పనక్కరలేదు. కార్మికుడు పని మానితే సమ్మె. యజమాని గేటుకు తాళం వేస్తే లాకౌటు. అమెరికా పత్రికలు వృత్తి క్రీడల గురించి రాసేటప్పుడు తరచుగా ఈ రెంటినీ 'పని నిలిచిపోవడం' అనే ఒకే మాట కింద కలిపేస్తాయి. తాళం వేసిందెవరన్న ప్రశ్న అందులో మాయమవుతుంది. ఈ తేడా మాటల్లోనే కాదు, చట్టంలోనూ ఎలా చెరిగిపోతుందో 2011లో అక్కడ జరిగిన ఒక న్యాయపోరాటం తెలియజేస్తుంది.

ముందు కొంత చరిత్ర అవసరం. వ్యాపారులు కుమ్మక్కై పోటీని అణచకుండా 1890లో షెర్మన్ చట్టం చేశారు. అది గుత్తాధిపత్య నిరోధక చట్టం. కాని కోర్టులు త్వరలోనే దాన్ని కార్మికుల మీదికి తిప్పాయి. 1894 పుల్‌మన్ రైల్వే సమ్మెను ఇంజంక్షన్‌తో దెబ్బతీసి, నాయకుడు యూజీన్ డెబ్స్‌ను జైలుకు పంపారు. కార్మికోద్యమం దశాబ్దాల పాటు పోరాడిన మీదట 1932లో నోరిస్-లాగార్డియా చట్టం వచ్చింది. కార్మిక వివాదాల్లో ఫెడరల్ కోర్టులు ఇంజంక్షన్లు జారీ చేసే అధికారాన్ని అది బాగా కుదించింది. సమ్మెకు రక్షణగా పుట్టిన చట్టం అది.

క్రీడారంగంలో యజమానులంటే జట్ల సొంతదార్లు. వారంతా లీగ్‌గా ఏర్పడి జీతాలకు కలిసికట్టుగా హద్దులు పెట్టడం, పైకి చూస్తే, షెర్మన్ చట్టం నిషేధించిన కుమ్మక్కే. కాని 1996లో బ్రౌన్ కేసులో సుప్రీంకోర్టు వేరే తీర్పు చెప్పింది. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ 1989లో యూనియన్‌తో ఒప్పందం కుదరకుండానే అభ్యాస జట్ల ఆటగాళ్లకు వారానికి 1,000 డాలర్ల జీతం ఖాయం చేసింది. 235 మంది ఆటగాళ్లు కోర్టుకెక్కారు. యూనియన్‌తో సమష్టి బేరసారాల క్రమంలో యజమానులు కలిసి చేసిన ఇలాంటి పనికి గుత్తాధిపత్య నిరోధక చట్టం వర్తించదని సుప్రీంకోర్టు తేల్చింది. దీని పర్యవసానం విచిత్రమైనది. యూనియన్ ఉన్నంతకాలం ఆ యూనియనే యజమానులకు కవచం.

2011 మార్చి 11న ఇదే లీగ్‌లో పాత ఒప్పందం గడువు తీరింది. ఆటగాళ్ల సంఘం తన బేరసారాల ప్రతినిధిత్వాన్ని తానే వదులుకుంది. టామ్ బ్రేడీ, పేటన్ మానింగ్, డ్రూ బ్రీస్ మొదలైన పదిమంది మిన్నెసోటా ఫెడరల్ కోర్టులో వ్యక్తులుగా దావా వేశారు. సంఘటిత కార్మికులు చట్టం తలుపు తట్టడానికి తమ సంఘాన్నే విడిచి రావలసి వచ్చిందన్న మాట. మర్నాడే యజమానులు లాకౌటు ప్రకటించారు.

యజమానులు ఈ ఘర్షణకు ముందే సిద్ధపడి ఉన్నారు. ఆటలు జరగకపోయినా 400 కోట్ల డాలర్లకు పైగా సొమ్ము తమకు చేరేలా టీవీ సంస్థలతో ఒప్పందాలు కుదుర్చుకున్నారు. ఆటగాళ్ల ప్రయోజనాన్ని పక్కనపెట్టి ఇలా చేయడం పాత ఒప్పందానికి విరుద్ధమని జడ్జి డేవిడ్ డోటీ ఆ మార్చి 1ననే తీర్పు చెప్పాడు.

ఏప్రిల్ 25న జడ్జి సూసన్ నెల్సన్ లాకౌటును ఆపుతూ ఇంజంక్షన్ ఇచ్చింది. నాలుగు రోజులు గడవకముందే అప్పీలు కోర్టు దాన్ని నిలిపేసింది. జులై 8న ఇద్దరు జడ్జీలు ఒకవైపు, ఒకరు మరోవైపుగా వచ్చిన తీర్పులో దాన్ని పూర్తిగా కొట్టేసింది. కారణం? యూనియన్ తప్పుకున్నా ఇది కార్మిక వివాదమే. కనుక నోరిస్-లాగార్డియా చట్టం ప్రకారం, ఉద్యోగంలో ఉన్న ఆటగాళ్ల లాకౌటుపై ఇంజంక్షన్ చెల్లదు! సమ్మెకు గొడుగుగా పట్టిన చట్టం లాకౌటుకు గొడుగైంది. ఈ చట్టం కార్మికుల రక్షణ కోసం పుట్టిందని విభేదించిన జడ్జి గుర్తుచేశాడు. జులై 25న రాజీ కుదిరింది. ఆటగాళ్లు తిరిగి యూనియన్‌గా ఏర్పడ్డారు. అదే సంవత్సరం బాస్కెట్‌బాల్ ఆటగాళ్లూ నవంబరులో ఇదే దారి తొక్కారు; వారి సీజను 82 ఆటలకు బదులు 66 ఆటలతో సరిపెట్టుకుంది.

లక్షల డాలర్లు తీసుకునేవారు కార్మికులెలా అవుతారని కొందరు అడగవచ్చు. జీతం పెద్దదైనంత మాత్రాన ఉత్పత్తి సంబంధం మారదు. టీవీ హక్కులు యజమానివి. ఆటగాడికి ఉన్నది కొద్ది ఏళ్లలో అరిగిపోయే శరీరం. పైగా పేరున్న పదిమంది వెనుక అభ్యాస జట్టు ఆటగాడు ఉన్నాడు. వాడికన్నా దిగువన స్టేడియంలో తినుబండారాలు అమ్మేవారు ఉన్నారు. 2004-05లో లాకౌటు మూలంగా ఐస్ హాకీ లీగ్ సీజను మొత్తం రద్దయింది. అలాంటప్పుడు వీరి కూలి సంగతి ఏ ఒప్పందంలోకి ఎక్కుతుంది?

చట్టం తటస్థమైనదన్న భ్రమ మన సాహిత్యంలో ఇంకా ఉంది. మంచి జడ్జి తీర్పుతో కథ ముగిసిపోవడం దానికి గుర్తు. సూసన్ నెల్సన్ తీర్పు నాలుగు రోజులే నిలిచింది. చివరికి ఆటగాళ్లకు ఒప్పందం తెచ్చింది వారి ఐక్యతా, సీజను దగ్గరపడుతున్న ఒత్తిడీ. శ్రామిక జీవితాన్ని రాసే రచయిత తీర్పు దగ్గర ఆగిపోకూడదు. తాళం ఎవరు వేశారో, దాన్ని ఏ శక్తి తీయించిందో పేరుపెట్టి చెప్పాలి.